‘ఎందుకో అనిపించింది’: అంతఃస్ఫురణపై వాదం ఎక్కడిదాకా వచ్చింది?

తలుచుకున్న మనిషి గుమ్మంలో కనబడితే ‘నీకు నూరేళ్ళాయుష్షు’ అంటాం. అన్నం తింటూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టుకుంటాం. కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం. కన్నదిరితే కుడో ఎడమో చూసుకుంటాం. ఊరెళ్ళిన కొడుకు కబురు అందకముందే ‘మనసు కీడు శంకిస్తోంది’ అన్న తల్లి మాట నిజమైతే ఆ ఇంట్లో రెండు తరాలు దాన్ని చెప్పుకుంటారు. ఇవన్నీ ఒక్క రకం అనుభవాలు కావు. కొన్ని వట్టి వాడుకలు, కొన్ని నమ్మకాలు, కొన్ని ఆ మనిషికి నిజంగా కలిగిన తెలివిడి. అయినా వీటన్నిటికీ తెలుగులో ఒక్క మాట సరిపోతోంది: ‘ఎందుకో అనిపించింది’.

వాదమంతా ఆ ‘ఎందుకో’ దగ్గరే మొదలవుతుంది. ఇది నిన్న మొన్నటి వాదం కూడా కాదు. ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుపోయాయి. అనిపించినది నిజమైందా? నిజమైతే ఏ దారిన తెలిసింది? మరోసారి అలా అనిపిస్తే దాని మీద భారం వేయవచ్చా? నమ్మేవాళ్ళు మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే రెండోది కూడా తేలిపోయిందంటారు. నమ్మనివాళ్ళు రెండోదాన్ని కొట్టేసి, దాంతో మూడోది కూడా పోయిందంటారు. ఇరుపక్షాలూ ఎదుటివాళ్ళు అడగని ప్రశ్నకు జవాబు చెబుతుండటం వల్లే ఈ వాదం ఇంత ముడిపడింది. ఇప్పటిదాకా జరిగిన చర్చను ఈ మూడు ప్రశ్నలనూ విడదీసి చూస్తే చాలా సంగతులు తేటపడతాయి.

చెల్లెలి మాట, ఉప్పుగని

భారతీయ తర్కంలో దీనికో పాత ఉదాహరణ ఉంది. ఒక అమ్మాయి, రేపు మా అన్న వస్తాడని నా మనసు చెబుతోంది అంటుంది. ఏ కబురూ రాలేదు, పండగా లేదు. మర్నాడు అన్న వచ్చాడు. ఆ అమ్మాయికి కలిగినది జ్ఞానమేనా?

వైశేషికుడు ప్రశస్తపాదుడు ఋషులకు కలిగే ఆర్షజ్ఞానాన్ని గురించి చెబుతూ, అలాంటిది అప్పుడప్పుడు మామూలు మనుషులకూ కలుగుతుందని చెప్పడానికి ఈ ఉదాహరణ తెచ్చాడు. 9వ శతాబ్దపు కాశ్మీర నైయాయికుడు జయంతభట్టు ‘న్యాయమంజరి’లో దాన్ని ఓపికగా విచారించాడు. ఆమె అటో ఇటో అని ఊగడం లేదు కాబట్టి అది సందేహం కాదు. అన్న నిజంగానే వచ్చాడు కాబట్టి భ్రాంతి కాదు. ఏ గుర్తునో పట్టుకుని ఊహించినదీ కాదు. కనుక మనసు ద్వారా కలిగిన ప్రత్యక్షంగా దాన్ని ఒప్పుకోవాలన్నాడు. మరి అన్న రాకపోతే? అప్పుడది ప్రమాణం కాదు. వాదం బిగువుగానే ఉంది గానీ, తీర్పు మర్నాటికి వాయిదా పడింది. ఇవాళ ఆ అమ్మాయి అన్నకోసం వంట చేయాలా వద్దా అన్నదానికి జయంతుడు జవాబివ్వలేడు. మూడో ప్రశ్నను ఆయన ముట్టుకోలేదు.

అంతకు ముందే, 7వ శతాబ్దంలో, మీమాంసకుడు కుమారిలభట్టు ఈ దారి మూసేశాడు. ప్రత్యక్షం కలగాలంటే వస్తువు ఎదుట ఉండాలి, రేపటి రాక ఇవాళ ఎదుట లేదు. యోగులకే అలాంటి చూపు ఉండదన్నవాడు మామూలు మనిషికి ఉందంటే ఒప్పుకుంటాడా? అయితే ధర్మానికి మూలాల్లో ఒకటిగా స్మృతులు చెప్పిన ‘ఆత్మతుష్టి’ దగ్గరికి వచ్చేసరికి ఆయన మాట మారుతుంది. ధర్మసందేహంలో మనసు ఒప్పిన దారి ప్రమాణమే, కానీ ఎవరి మనసు? వేదంలో నలిగిన మనసైతే దానిలో పుట్టేది కూడా వేదమయమే అవుతుందని ‘తంత్రవార్తికం’లో అంటూ, ఉప్పుగనిలో పుట్టినదేదైనా ఉప్పే అయిన తీరును పోలికగా చూపాడు. చూపును కాదన్నవాడే సాధనలో పండిన మనసు మొగ్గును ఔనన్నాడు. ఈ ఉప్పుగని పోలిక దగ్గర కాసేపు ఆగాలి. పన్నెండు పదమూడు వందల ఏళ్ళ తర్వాత అమెరికా మనస్తత్వవేత్తలు చుట్టూ తిరిగి వచ్చింది దాదాపు ఇక్కడికే.

వైయాకరణి భర్తృహరి ఇంకా ముందే మరో వైపునుంచి వచ్చాడు. మణినీ నాణేన్నీ చూడగానే మంచిదో నకిలీదో చెప్పే పరీక్షకుల తెలివి అభ్యాసం వల్లే వస్తుంది, అది అనుమానం (గుర్తును బట్టి చేసే ఊహ) కాదు, ఇంకొకరికి మాటల్లో చెప్పి అందించగలిగేదీ కాదు అంటాడు ‘వాక్యపదీయం’లో. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్, వాసన చూసి పులుసులో ఉప్పు తక్కువైందనే వంటమనిషి, తీగపాకమో ముదురుపాకమో గరిట జారుడులో పట్టే మిఠాయి మేస్త్రీ అందరూ ఈ కోవలోకే వస్తారు. పతంజలి యోగసూత్రాల వైఖరి వేరు. ప్రాతిభజ్ఞానం, సిద్ధులు కలుగుతాయని ఒప్పుకుంటూనే, సమాధికి అవి అడ్డంకులని హెచ్చరిస్తాయి. ఉన్నాయా లేవా అన్న ప్రశ్నకంటే వాటితో మనకేం పని అన్నదే ఆ సంప్రదాయానికి ముఖ్యం.

లండన్ నుంచి వాల్తేరు దాకా

ఇలాంటి అనుభవాలను లెక్కగట్టి తేల్చే ప్రయత్నం 1882లో లండన్‌లో సైకికల్ రీసెర్చ్ సొసైటీ ఏర్పడటంతో మొదలైంది. ‘టెలిపతీ’ అన్న మాటను ఫ్రెడరిక్ మైయర్స్ పుట్టించింది ఆ ఏడాదే. కేంబ్రిడ్జి తత్త్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్ మొదటి అధ్యక్షుడు. ఆప్తులు చనిపోయే వేళకు దూరాన ఉన్నవాళ్ళకు వాళ్ళ రూపం కనబడిందన్న కథనాలను పోగుచేసి 1886లో రెండు సంపుటాలు వేశారు. తర్వాత 17,000 మందిని ప్రశ్నించి భ్రమానుభవాల గణన చేసి 1894లో ప్రకటించారు. ఆ కాలానికి అది చాలా పెద్ద పని. అయితే అనుభవాలన్నీ తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పినవి. జ్ఞాపకం తెలియకుండానే కథను సరిదిద్దుతుందన్న అనుమానాన్ని ఆ సంపుటాలు దాటలేకపోయాయి.

అందుకే జె.బి. రైన్ పరిశోధనను ప్రయోగశాలలోకి తెచ్చాడు. అమెరికా డ్యూక్ విశ్వవిద్యాలయంలో 25 ముక్కల కట్ట, 5 గుర్తులు, కనబడని ముక్క మీద ఏ గుర్తుందో చెప్పాలి. ఊరికే ఊహించినా సగటున 5 సరిపోతాయి. 1933-34లో ఒక విద్యార్థి వేరే భవనంలో కూర్చుని 1,850 ముక్కల్లో 558 సరిగ్గా చెప్పాడు. అదృష్టం మీద రావాల్సినవి 370. రైన్ 1934 పుస్తకంతో అతీంద్రియ జ్ఞానం అన్నది ఇంటింటి మాటయింది. ఆ విద్యార్థి తన గదిలోంచి బయటికి వచ్చి ముక్కలు చూసే వీలుందని, అతని మీద కాపలా లేదని తర్వాత మార్క్ హాన్సెల్ ఆక్షేపించాడు. మోసం జరిగిందని రుజువు కాలేదు, జరగలేదనీ రుజువు లేదు. ఈ రంగం చరిత్రంతా ఇలా సగం తెరిచిన తలుపు దగ్గరే ఆగుతూ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఎస్.జి. సోల్ ప్రయోగాలు తిరుగులేనివిగా దశాబ్దాలపాటు పేరుపడ్డాయి. ఆయన అంకెలు దిద్దాడని 1978లో బెట్టీ మార్క్‌విక్ కంప్యూటర్ విశ్లేషణతో బయటపెట్టింది.

తెలుగువాళ్ళకు ఈ కథలో నేరుగా పాలుంది. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పాడు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ విషయానికి ఒక శాఖ ఉండటం ప్రపంచంలోనే అరుదు. తర్వాత ఆయన అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు, డర్హమ్‌లో రైన్ స్థాపించిన సంస్థకు నాయకత్వం వహించాడు. ఆయన సాధించిన అసలైన గౌరవం 1987లో ఒక ప్రముఖ శాస్త్ర పత్రిక ఇచ్చిన చోటు. అందులో జాన్ పామర్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసం, జేమ్స్ ఆల్కాక్ రాసిన ఖండన ఒకే సంచికలో, ఇతర శాస్త్రవేత్తల వ్యాఖ్యలతో సహా వచ్చాయి. ఇవాళ ఎవరైనా ఈ వాదంలోకి దిగాలనుకుంటే ఆ సంచికతో మొదలుపెట్టడం మంచిది. ఇరువైపులవాళ్ళూ ఎదుటివాళ్ళ బలమైన వాదాన్నే ఎదుర్కొన్నారు.

రామకృష్ణారావు ఎక్కువగా పనిచేసిన అంశాల్లో ఒకటి, కొందరు సగటుకంటే తక్కువ సరిగ్గా చెప్పడం. తెలిసే శక్తి ఉండి, ఏదో మానసిక కారణం వల్ల గురి తప్పుతున్నారని ఆ బడి వివరణ. విమర్శకులు సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు. సగటుకంటే ఎక్కువొస్తే శక్తి ఉన్నట్టు, తక్కువొస్తే శక్తి ఎదురు తిరిగినట్టు అయితే, శక్తి లేదని చెప్పే ఫలితం ఏది? ఏ స్థితిలో ఎవరు పైకి పోతారో, ఎవరు కిందికి పోతారో ముందే చెప్పి చూపితే ఆ ఆక్షేపణ నిలవదు. ఆయన ప్రయత్నించింది అదే. కానీ అలా ముందే చెప్పిన అంచనాలు వేరే చోట్ల, వేరే చేతుల్లో అంత నిలకడగా నిలబడలేదు.

1970ల నుంచి గాంజ్‌ఫెల్డ్ పద్ధతి వచ్చింది. కళ్ళకు మసక వెలుగు, చెవులకు ఒకే రకం హోరు పెట్టి, దూరాన ఒకరు చూస్తున్న బొమ్మేదో నాలుగింటిలో ఎంచమంటారు. ఊరికే చెప్పినా నూటికి 25 సరిపోవాలి. పట్టుబట్టి సమర్థించిన చార్లెస్ హొనార్టన్, పట్టుబట్టి తప్పులు చూపిన రే హైమన్ 1986లో కలిసి కూర్చుని, ఇకపై ప్రయోగం ఎలా చేయాలో ఉమ్మడిగా రాశారు. శాస్త్ర వివాదాల్లో అంతటి మర్యాద అరుదు. ఆ నియమాలతో చేసిన ప్రయోగాల్లో నూటికి 32 దాకా వచ్చిందని 1994లో ప్రకటించారు. తర్వాతి 30 ప్రయోగాలను కలిపి చూసిన మిల్టన్, వైజ్‌మన్‌లు 1999లో ఏమీ లేదన్నారు.

2011లో డారిల్ బెమ్ 9 ప్రయోగాలతో, వెయ్యిమందికి పైగా విద్యార్థులతో, మనసు రాబోయేదాన్ని ముందే పసిగడుతుందన్నాడు. మనస్తత్వశాస్త్రంలో పేరున్న పత్రికే దాన్ని వేసింది. ఇతరులు చేసి చూస్తే ఫలితం రాలేదు. అయితే బెమ్ వాడిన గణిత పద్ధతులు ఆ శాస్త్రంలో అందరూ వాడుతున్నవే. అవి ఇలాంటి ఫలితాన్ని ఇవ్వగలిగితే మిగతా ఫలితాల మాటేమిటన్న భయం పట్టుకుంది. 2015లో 100 ప్రయోగాలను తిరిగి చేస్తే మూడోవంతుకు కొంచెం పైన మాత్రమే నిలిచాయి. పరికల్పనను ముందే నమోదు చేయాలన్న నియమం మనస్తత్వశాస్త్రంలో బలపడటానికి అతీంద్రియ జ్ఞాన వివాదం కూడా ఒక కారణం. నమ్మనివాళ్ళు కూడా ఆ మేలును ఒప్పుకోవాలి.

ప్రస్తుతం ఉన్న స్థితి ఇది. 2018లో ఎట్సెల్ కార్డేన్యా ఆధారాలన్నీ కలిపి చూస్తే ప్రభావం చిన్నదైనా నిజమేనన్నాడు. రెబర్, ఆల్కాక్‌లు భౌతికశాస్త్రానికే విరుద్ధమైనదాన్ని అంకెలు నిరూపించలేవన్నారు. రెండో వాదం నాకు పూర్తిగా నచ్చదు. అంకెలు చూడకుండానే తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ 90 ఏళ్ళ ప్రయోగాల తర్వాత కూడా, నమ్మని శాస్త్రవేత్త చేతిలో నిలకడగా పనిచేసే ఒక్క ప్రయోగమూ దొరకలేదన్నది వాస్తవం. రుజువు భారం ఇంకా సమర్థించేవాళ్ళ మీదే ఉంది.

మంటల్లో ఆరో ఇంద్రియం

ఇంకో బడి అసలు ప్రశ్ననే వేరేగా అడిగింది. గ్యారీ క్లైన్ అగ్నిమాపకదళాల వాళ్ళు నిర్ణయాలెలా తీసుకుంటారో తెలుసుకోవడానికి వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఒక లెఫ్టినెంటు ఇంటి వెనక వంటగదిలో మంటలార్పుతూ, ఎందుకో తెలియకుండానే అందర్నీ బయటికి పొమ్మన్నాడు. వాళ్ళు బయటపడ్డ కాసేపటికే, నిలబడ్డ నేల కూలిపోయింది. అసలు మంట కింది నేలమాళిగలో ఉంది. తనకు అతీంద్రియ శక్తి ఉందనే ఆ లెఫ్టినెంటు నమ్మాడు. విడమరిచి అడిగితే బయటపడిన సంగతులు వేరు. గది ఉండాల్సినదానికంటే వేడిగా ఉంది, నీళ్ళు కొట్టినా మంట లొంగలేదు, అంత మంటకు ఉండాల్సిన చప్పుడు లేదు. ఏదీ అతని అనుభవానికి సరిపడలేదు. ఆ పొసగనితనాన్నే మనసు ‘బయటికి పో’ అన్న ఒక్క ముక్కలో చెప్పింది.

చదరంగం ఆటగాళ్ళపై 1973లో ఛేజ్, హెర్బర్ట్ సైమన్‌లు చేసిన పరిశోధనది కూడా ఇదే దారి. ఆరితేరిన ఆటగాడు ఆట మధ్యలోని బల్లను కొద్ది క్షణాలు చూసి పావులన్నీ తిరిగి పేర్చగలడు, పావులను ఇష్టం వచ్చినట్టు పెడితే మాత్రం కొత్తవాడికంటే పెద్దగా మెరుగు కాదు. అతనికున్నది గొప్ప జ్ఞాపకశక్తి అనలేం, ఆటలో పదేపదే వచ్చే అమరికలను పోల్చుకోవడమే అతని బలం. భర్తృహరి నాణెం పరీక్షకుడికి ఇంకో రూపం ఈ ఆటగాడు.

ఎదురు బడి కూడా గట్టిదే. డాక్టర్ల, మనస్తత్వ నిపుణుల అంచనాకంటే సాదా గణిత సూత్రాలే తరచు మెరుగని పాల్ మీల్ 1954లోనే చూపాడు. నిపుణుల ఆత్మవిశ్వాసానికీ వాళ్ళ కచ్చితత్వానికీ పొంతన ఉండదని డేనియల్ కానేమన్ జీవితమంతా చెబుతూ వచ్చాడు. ఈయనా క్లైనూ ఏళ్ళ తరబడి వాదించుకుని 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. రెండు షరతులు నెరవేరితే స్ఫురణను నమ్మవచ్చన్నారు. ఆ రంగంలో సంగతులు ఒక క్రమంలో జరుగుతుండాలి. ఆ క్రమాన్ని నేర్చుకునేంత కాలం, తన తప్పొప్పులు వెంటవెంటనే తెలిసే అవకాశం మనిషికి ఉండాలి. నర్సుకూ అగ్నిమాపక అధికారికీ ఈ రెండూ ఉన్నాయి. పదేళ్ళ తర్వాత ఏ షేరు పెరుగుతుందో చెప్పేవాడికీ, రాజకీయ జోస్యాలు చెప్పే విశ్లేషకుడికీ లేవు. కుమారిలుడు ‘ఎవరి మనసు’ అని ఆపాడు. వీళ్ళు ‘ఏ గనిలో’ అన్నది కూడా చేర్చారు.

లెక్కలవాళ్ళు చెప్పేది

మరి అన్న రాకను ముందే చెప్పిన చెల్లెలు? అక్కడ అభ్యాసమూ లేదు, క్రమమూ లేదు. ఇక్కడ లెక్కలవాళ్ళ మాట వినాలి. భౌతికశాస్త్రవేత్త లూయీ ఆల్వరెజ్ 1965లో ఒక చిన్న లెక్క వేశాడు. పరిచయస్థుల్లో ఒకరిని తలుచుకున్న అయిదు నిమిషాల్లో వాళ్ళ చావుకబురు వినడం ఒక మనిషి జీవితంలో చాలా అరుదు. కానీ దేశంలో ఉన్న కోట్లమందికి కలిపి లెక్కిస్తే అమెరికాలో ఏటా 3,000 సార్లు, అంటే రోజుకు సుమారు 10 సార్లు, వట్టి యాదృచ్ఛికంగానే అలా జరగాలి. డయాకొనిస్, మోస్టెలర్‌లు 1989లో ఈ ఆలోచనను విస్తరించారు. సందర్భాలు తగినన్ని ఉంటే ఎంత వింతయినా జరిగే తీరుతుంది.

తెలుగులో కాకతాళీయం అన్న మాట ఉండనే ఉంది. కాకి వాలడం, తాటిపండు రాలడం. అయితే ఈ వాదానికీ ఒక హద్దుంది. ఇన్ని కోట్లమందిలో ఇలాంటివి జరగడం సహజమని అది చెబుతుంది, ఈ ఒక్క సంఘటన వెనక ఏముందో చెప్పదు. లెక్క చూపించి తల్లి అనుభవాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఆ తేడా మరిచిపోతారు.

బోరు పాయింటు: వాదం నేల మీదికి వచ్చినచోట

మన దగ్గర ఈ ప్రశ్న వేదాంతంగా మిగలదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ గట్టిరాతి నేలల్లో బోరు వేసే రైతుకు ఇది అప్పు ప్రశ్న. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకునో, చీలిన వేపపుల్ల పట్టుకునో పొలమంతా తిరిగి, కాయ నిక్కిన చోట, పుల్ల వంగిన చోట పాయింటు చెప్పేవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళలో చాలామంది మోసగాళ్ళు కారు. పుల్ల తనంతట తాను వంగినట్టే వాళ్ళకు అనిపిస్తుంది. మనసులోని ఊహ తెలియకుండానే కండరాలను కదిలిస్తుందని 1833లో షెవ్రుల్ లోలకంతో చూపాడు, 1852లో కార్పెంటర్ దానికి పేరు పెట్టాడు.

ఊహ ఎక్కడినుంచి వచ్చిందన్నది వేరే ప్రశ్న. అక్కడ జవాబు అంత తేలిక కాదు. వరాహమిహిరుడి ‘బృహత్సంహిత’లో దకార్గళమనే అధ్యాయం పుట్టలు, చెట్లు, మట్టి రంగు చూసి నీటి జాడ చెప్పే పద్ధతులు ఇస్తుంది. అవి పుల్ల తిప్పడం గురించి కాదు, నేలను చదవడం గురించి. ఆ సూచనలన్నీ నిజమనలేం, అన్నీ కొట్టేయనూలేం. నలభై ఏళ్ళు ఒకే మండలంలో పాయింట్లు చూసిన మనిషి కళ్ళు ఆ నేలను చదివి ఉండవచ్చు, పుల్ల ఆ చదువుకు చేతిలో ఉన్న ముల్లు మాత్రమే కావచ్చు.

పరీక్షలు ఏం చెప్పాయి? 1980లలో మ్యూనిక్ దగ్గర జర్మనీ ప్రభుత్వ డబ్బుతో పెద్ద పరీక్ష జరిగింది. 500 మందిలోంచి ఎంచిన 43 మందితో, కొట్టంలో కింద పైపును జరుపుతూ పై అంతస్తులో జాడ చెప్పమని 843 సార్లు పరీక్షించారు. కొందరికి నిజంగా శక్తి ఉందని నిర్వాహకులన్నారు. అవే అంకెలను తిరిగి చూసిన జిమ్ ఎన్‌రైట్, యాదృచ్ఛికానికి మించి ఏమీ లేదని తేల్చాడు. నేల కనబడకుండా చేస్తే పుల్ల పనిచేయలేదన్నమాట. కానీ పొలంలో నేల కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష అసలు ప్రశ్నలో సగానికే జవాబు.

మిగతా సగానికి కానేమన్, క్లైన్‌ల రెండో షరతు పనికొస్తుంది. పాయింటు చెప్పేవాడికి తన తప్పులు తెలుస్తున్నాయా? నీళ్ళు పడితే హస్తవాసి అంటారు. పడకపోతే రైతు నుదుటిరాత అంటారు, లేదా ఇంకో వంద అడుగులు దింపితే పడేవంటారు. ఎండిపోయిన బోర్ల లెక్క ఎవరి పుస్తకంలోనూ ఉండదు. అలాంటి చోట నలభై ఏళ్ళ అనుభవం నలభై ఏళ్ళ నేర్పుగా మారదు. విద్యుత్ నిరోధకతతో సర్వే చేసే జియాలజిస్టు కూడా తప్పుతాడు, కాకపోతే అతను ఎంత లోతున ఏ రాయి ఉంటుందన్నాడో కాగితం మీద ఉంటుంది, సరిచూడవచ్చు. రైతు అప్పు తెచ్చి బోరు వేస్తున్నాడు. తన దగ్గరికి వచ్చిన మనిషి గతంలో చెప్పిన పాయింట్లలో ఎన్ని ఎండాయో అడిగే హక్కు ఆ రైతుకు ఉంది. అది అడగడం అపనమ్మకం అనిపించుకోకూడదు.

నామగిరి, హార్డీ

అంతఃస్ఫురణను గురించి మాట్లాడేవాళ్ళు శ్రీనివాస రామానుజన్‌ను వదలరు. నామక్కల్ నామగిరి తాయారు దయవల్లే సూత్రాలు తోస్తున్నాయని ఆయన విశ్వాసం. ఆయనతో పనిచేసిన గణితజ్ఞుడు జి.హెచ్. హార్డీ ఈ వివరణను ఒప్పుకోలేదు. ఎంత అసాధారణుడైనా రామానుజన్ మిగతా గణితజ్ఞులు ఆలోచించే తీరులోనే ఆలోచించాడని ఆయన పట్టుదల. రెండు పక్షాలూ తరచు మరిచే సంగతొకటి ఉంది. ప్రధాన సంఖ్యల విస్తరణ గురించి రామానుజన్ హార్డీకి మొదటి ఉత్తరాల్లో రాసిన కొన్ని ఫలితాలు తప్పు. మిగతాచోట్ల ఆశ్చర్యంగా కుదిరిన స్ఫురణ ఇక్కడ దారి తప్పింది. అనంత శ్రేణుల్లో ఏళ్ళ తరబడి పలకల మీద అంకెలు వేసి ఆరితేరిన మనసు, ఆ నలగడం లేనిచోట తడబడింది. తోచినది ఎవరిచ్చినా, దాన్ని నిగ్గుతేల్చింది రుజువు. హార్డీ, ఆయన సహచరుడు లిటిల్‌వుడ్ చేసిన పని అదే.

పక్కపక్కన పెట్టి చూస్తే

‘నిజమైందా’ అన్న ప్రశ్నకు జయంతుడు, సైకికల్ రీసెర్చ్ వాళ్ళు ఒకటే జవాబిస్తారు: చాలాసార్లు అవును. లెక్కలవాళ్ళు, నిజమే కానీ నిజం కానివి ఎన్నున్నాయో చూపండి అంటారు. ‘ఏ దారిన’ అన్నచోట రైన్, రామకృష్ణారావుల బడి తెలిసిన ఇంద్రియాలకు అవతలి దారి ఉందంటుంది. క్లైన్, సైమన్‌ల బడి తెలిసిన ఇంద్రియాలే మనకు తెలియకుండా పనిచేశాయంటుంది. కుమారిలుడు మొదటిదాన్ని ఒప్పుకోడు, భర్తృహరి రెండోదానికి దగ్గరవాడు. ‘భారం వేయవచ్చా’ అన్న ప్రశ్నకు మాత్రం దారి ఏదో తేలకపోయినా జవాబు చెప్పవచ్చు. ఆ మనిషికి, ఆ రంగంలో, గతంలో ఎన్నిసార్లు నిజమైంది, ఎన్నిసార్లు కాలేదు అన్న లెక్క ఉంటే చాలు. నిత్యజీవితానికి కావాల్సింది ఈ మూడోదే. ఇన్నేళ్ళ వాదంలో అందరికంటే తక్కువ శ్రద్ధ దానిమీదే పెట్టారు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష

1927లో జె.డబ్ల్యు. డన్ అనే బ్రిటిష్ విమాన ఇంజనీరు ఒక పద్ధతి చెప్పాడు. కల వచ్చిన వెంటనే, పక్క దిగకముందే రాసిపెట్టుకోవాలి, తర్వాతి రోజుల సంఘటనలతో పోల్చాలి. కలల్లో భవిష్యత్తు కూడా కలగలిసి ఉంటుందని ఆయన సిద్ధాంతం. 1964లో రచయిత వ్లదీమీర్ నబొకోవ్ కార్డుల మీద కలలు రాసుకుంటూ కొన్ని వారాలు ఆ ప్రయోగం చేశాడు. డన్ సిద్ధాంతం నిలవలేదు. ముందే రాసిపెట్టుకోమన్న క్రమశిక్షణ నిలిచింది.

దీన్ని ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. తోచినది తోచినప్పుడే, తేదీ వేసి, ఎప్పటిలోగా ఏం జరిగితే నిజమైనట్టో స్పష్టంగా రాయాలి. ఎంత గట్టిగా అనిపించిందో కూడా రాయాలి. ముఖ్యంగా, జరగనివి కొట్టేయకుండా ఉంచాలి. ఆరునెలల తర్వాత ఆ పుస్తకం చూస్తే పెద్ద అద్భుతాలు దొరక్కపోవచ్చు గానీ, పనికొచ్చే చిన్న సంగతులు కనబడవచ్చు. ఇంట్లోవాళ్ళ కోపతాపాలను ముందే పసిగట్టిన మనిషికి డబ్బు విషయంలో తోచినవన్నీ తప్పని తేలవచ్చు. దిగులుగా ఉన్న రోజుల్లో తోచినవన్నీ కీడే అయి, వాటిలో ఒక్కటీ జరగలేదని కనబడవచ్చు. తన మనసు ఏ గనిలో పనిచేస్తుందో తెలియడం చిన్న ఎరుక కాదు.

ఇంకా తేలనివి

దిగులుకూ స్ఫురణకూ తేడా ఎలా పట్టాలి? రెండూ గుండె దడగానే మొదలవుతాయి. స్ఫురణ ప్రశాంతంగా ఉంటుందని, ఆందోళన గోల చేస్తుందని చాలా పుస్తకాలు చెబుతాయి, కానీ అందుకు గట్టి ఆధారం కనబడదు. శరీరం ముందే తెలుసుకుంటుందని బెషారా, డమాసియోలు 1997లో పేకముక్కల ఆటతో చూపారు. ఆటగాళ్ళకు అనుకున్నదానికంటే ఎక్కువే స్పృహతో తెలుసునని 2004లో మాయా, మక్లెలండ్‌లు చూపాక ఆ వాదం మళ్ళీ మొదటికి వచ్చింది.

రెండోది ఇంకా బరువైన ప్రశ్న. ‘మనిషిని చూడగానే చెప్పేస్తా’ అనేవాడి స్ఫురణలో ఎంత అనుభవం, ఎంత కులం, ఎంత రంగు, ఎంత యాస? ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేవాడికి, ఇల్లు అద్దెకిచ్చేవాడికి, పోలీసుకు తోచిన ‘ఎందుకో’ ఎదుటివాడి బతుకును మారుస్తుంది. పక్షపాతం కూడా అచ్చం స్ఫురణలాగే తోస్తుంది. తిప్పి పంపినవాడు ఎలాంటివాడో తెలిసే అవకాశం ఎప్పటికీ రాదు కాబట్టి అది తనను తాను దిద్దుకోనూలేదు. తోచినదాని పేరిట ఇంకొకరికి నష్టం జరిగేచోట ఆధారం చూపమని అడగడం కనీస న్యాయం.

మూడోది ఆసుపత్రిలో ఉంది. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 3,890 మంది పిల్లల మీద చేసి 2012లో ప్రకటించిన పరిశోధనలో, లక్షణాలు చూస్తే ప్రమాదం లేదని తేల్చిన 3,369 మందిలో ఆరుగురికి తర్వాత తీవ్రమైన ఇన్ఫెక్షన్ బయటపడింది. డాక్టరుకు ‘ఎందుకో తేడాగా ఉంది’ అనిపించిన ప్రతిసారీ చర్య తీసుకుని ఉంటే ఆ ఆరుగురిలో ఇద్దరు ముందే దొరికేవారు, 44 మంది విషయంలో ఉత్త కంగారు మిగిలేది. అనుభవం పెరిగితే ఆ స్ఫురణ కచ్చితత్వం పెరగలేదన్నది ఇందులో మరో ఫలితం. క్లైన్ బడి దీనికి ఇంకా సరైన జవాబు వెతుక్కోవాలి. డాక్టరుకు అలా అనిపించడానికి గట్టి కారణాల్లో ఒకటి, ఇది ఇదివరకటి జబ్బులా లేదని తల్లిదండ్రులు పడ్డ ఆదుర్దా. ఆ ఒక్క బిడ్డ విషయంలో అనుభవమూ క్రమమూ వెంటవెంటనే తెలిసే ఫలితమూ ఉన్నది వాళ్ళకే మరి. ఇంగ్లండ్‌లో 2021లో పదమూడేళ్ళ మార్తా మిల్స్ చనిపోయాక, తల్లిదండ్రుల భయాన్ని ఆసుపత్రి పట్టించుకోలేదన్న బాధలోంచి ఒక నియమం పుట్టి 2024 నుంచి అమల్లోకి వస్తోంది. రోగి పరిస్థితి దిగజారుతోందని ఇంటివాళ్ళకు అనిపిస్తే వేరే వైద్యబృందం వచ్చి చూడాలని వాళ్ళే అడగవచ్చు. అలా పిలిచిన పిలుపుల్లో ఎన్ని నిజమయ్యాయి, ఎన్ని ఉత్తివయ్యాయి అన్నది అక్కడ నమోదవుతోంది. ‘మనసు కీడు శంకిస్తోంది’ అన్న తల్లి మాట ఇప్పుడు లెక్కలోకి ఎక్కుతోంది.